వంకర పోయిన ఇంపాలా

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక బొమ్మ కారు కొన్నాను. జానెడు పొడవు, లేత నీలం రంగు. వెనక రెక్కలు గబ్బిలం రెక్కల్లా పక్కలకు పరుచుకుని, వాటి కింద కన్నీటి చుక్క ఆకారంలో లైట్లు. 1959 షెవ్రొలే ఇంపాలా. ఒక పాత ఇస్త్రీపెట్టెకీ, టీవీ రిమోట్ల కుప్పకీ మధ్య పడి ఉంది.

"నాలుగొందలు సార్" అన్నాడు.

"పాత ప్లాస్టిక్కే కదన్నా. చూడు, బాడీ వంకర పోయింది. రెండొందలకి ఇచ్చెయ్."

రెండొందల యాభైకి తెగింది. మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని హైటెక్ సిటీ దాకా వచ్చాను. స్టేషన్ మెట్లు దిగేటప్పుడు మొదలైంది గిల్టు.

ఎందుకంటే అదేంటో నాకు తెలుసు. వీటిని అమెరికాలో ప్రోమోలంటారు. 1950, 60ల్లో కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా కార్ల కంపెనీల కోసం ఏఎమ్‌టీ, ఎస్‌ఎమ్‌పీ, జో-హాన్ లాంటి సంస్థలు ఇరవై ఐదో వంతు సైజులో నమూనాలు చేసిచ్చేవి. అవి డీలర్ల షోరూముల్లో ఉండేవి. అసలు కారుకి వేసే రంగులే వీటికీ వేసేవారు. నాన్నతో పాటు వచ్చిన పిల్లాడి చేతిలో ఒకటి పెడితే చాలు, ఇంటికెళ్ళాక మిగతా సేల్స్ పని వాడే చూసుకునేవాడు. ఏఎమ్‌టీ 1948లో మొదలైంది ఈ పని మీదే. పేరులో 'ఏ' అంటే అల్యూమినియం, ఎందుకంటే వాళ్ళ మొదటి ఫోర్డ్ బొమ్మ ఆ లోహంతోనే చేశారు. ప్లాస్టిక్ తర్వాత వచ్చింది. షికాగోలో బాంత్రికో వాళ్ళు చేసినవైతే పోతపోసిన లోహపు డిబ్బీలు, అడుగున చిల్లర వేసుకోడానికి సన్నటి చీలిక.

ఏది ప్రోమో, ఏది కాదు అన్నది తేలాలంటే ముందు తిరగేసి చూడాలి. ఇవే అచ్చుల్లోంచి, ఇంట్లో అంటించుకునే కిట్లు కూడా వచ్చాయి. పైనుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. ప్రోమో ఫ్యాక్టరీలోనే తయారై వచ్చింది కాబట్టి దాని అడుగు భాగం సాదా పలక, స్క్రూలతో బిగించి ఉంటుంది. ఇంజన్ ఉండదు, బానెట్ మామూలుగా తెరుచుకోదు. అతుకుల దగ్గర జిగురు మరకలుంటే అది ఎవరో ఆదివారం కూర్చుని అంటించిన కిట్టు. ఇంకో గుర్తు కూడా ఉంది, నిజానికి అది లోపం. 1960ల మొదటిదాకా వాడిన అసిటేట్ ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి వంగుతుంది. స్టైరీన్ వచ్చాక ఆ బాధ తగ్గింది.

అంటే, బేరంలో నేను ఎత్తిచూపిన వంకరే అది అసలుదని నాకు చెప్పింది.

సోమవారం లంచ్‌లో టీమ్‌మేట్‌కి చెప్తే తేలిగ్గా నవ్వేశాడు. "ఇందులో తప్పేముందిరా? నీకు తెలుసు, అతనికి తెలీదు. మనకి జీతాలిచ్చేది కూడా దీనికే కదా? పైగా అతని చేతిలోనూ ఫోనుంది, వెతుక్కోవచ్చు." ఫోను సంగతి నేనొప్పుకోను. వెతకాలంటే ముందు ఏమని వెతకాలో తెలియాలి. 'ప్రోమో' అన్న మాట తెలియనివాడికి స్క్రీన్ నిండా బొమ్మ కార్లే వస్తాయి. కానీ చట్టం మాత్రం వాడి వైపే ఉంది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్, చెప్పాల్సిన బాధ్యత లేనిచోట ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదంటుంది. అక్కడిచ్చిన ఒక ఉదాహరణలో ఇద్దరు వ్యాపారులుంటారు. ధరలు మారాయన్న రహస్యం ఒకడికి తెలుసు. రెండోవాడికి చెప్పక్కర్లేదు.

ఈ తగువు పాతదే. క్రీస్తు పూర్వం 44లో సిసిరో ఇదే రాశాడు. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యం తెచ్చాడు. వెనకే ఇంకా ఓడలొస్తున్నాయని అతనికి తెలుసు. చెప్పాలా, నోరు మూసుకుని మంచి ధరకి అమ్ముకోవాలా? దాచడం వేరు, చెప్పకపోవడం వేరు అంటాడు డయోజినెస్. చెప్పి తీరాలంటాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో ఆంటిపేటర్ వైపే తూగాడు. నన్ను పట్టుకున్నది మాత్రం అదే పుస్తకంలో, కాస్త ముందుకెళ్తే వచ్చే స్కెవోలా. అతనో పొలం కొనబోయాడు. యజమాని ధర చెప్పాడు. నా లెక్కలో దీని విలువ ఇంకా ఎక్కువ అంటూ స్కెవోలా లక్ష సెస్టర్సులు కలిపి ఇచ్చాడు. మంచివాడు చేసే పనే అని జనం ఒప్పుకున్నారట, తెలివైనవాడు చేసే పని అంటే మాత్రం ఒప్పుకోలేదట.

స్కెవోలా అంత మంచితనం నాకు లేదు. అడిగిన నాలుగొందలూ ఇచ్చి కిమ్మనకుండా వచ్చేసి ఉంటే బహుశా డయోజినెస్ పక్కన ధైర్యంగా నిలబడేవాణ్ణి. గుర్తుపట్టడం కూడా కష్టమే, ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్నదే, దానికి కొంత గిట్టడం అన్యాయం కాదు. కానీ నేను మౌనంగా లేను. "పాత ప్లాస్టిక్కే కదా" అన్నాను. అది బేరం కాదు, అబద్ధం. సాక్ష్యాన్నే లోపంగా చూపించి అతని కళ్ళు కప్పాను. తెలిసినవాడు చెప్పకపోవడం ఒకటి. తనకి తెలిసినదాన్నే వాడి ఎదుటివాణ్ణి ఇంకా తెలియనివాడిగా చెయ్యడం వేరొకటి. చట్టం కూడా ఈ రెండోదాన్ని సమర్థించదనుకుంటా.

ఇంకో చిక్కు, నేను బాకీ ఎవరికి? అతను దీన్ని పాత సామాన్లతో పాటు కిలోల లెక్కన కొని ఉంటాడు. ఆ తూకం వేయించిన ఇంట్లో దీన్ని ఎవరో దాచుకుని ఉంటారు. అంత వెనక్కి నేను వెళ్ళలేను. వెళ్ళలేనన్న వంకతో ఎర్రగడ్డ కూడా వెళ్ళకపోవడం మరీ సుఖంగా ఉంటుంది.

మరుసటి ఆదివారం వెళ్ళాను. వెయ్యి రూపాయలు తీసి, ఆ కారు అంత చవక కాదన్నా అని చెప్పాను. తీసుకోలేదు. ముందు నా మొహం చూశాడు. "ఇంకేమన్న కావాల్నా సార్? దీన్లకెల్లి ఏమన్న దొరికిందా?" అన్నాడు. కూర్చుని మొత్తం చెప్పాను, స్క్రూలు, పలక, జిగురు, వంకర. ఫోన్లో ఫొటోలు చూపించాను. అప్పుడు తీసుకున్నాడు. "ఎన్కట్నే చెప్తే అయిపోయేది కద సార్."

మూడు వారాల తర్వాత నన్ను చూడగానే చెయ్యి ఊపి పిలిచాడు. గుడ్డలో చుట్టి పెట్టిన ఎర్ర స్పోర్ట్స్ కారు బయటికి తీశాడు. రెండు వేలంట. తిప్పి నాలుగు స్క్రూలూ వేలితో చూపించాడు. పలక మీద మేడ్ ఇన్ చైనా అని ఉంది, బానెట్ తెరుచుకుంటోంది.

"ఇది అది కాదన్నా" అన్నాను.

"తక్వకు కొననీకి చెప్తున్నవ్ సార్ నువ్వు" అన్నాడు.