గోడలో లేని గోడ

కిటికీ కోసం గోడలో వదిలిన ఖాళీ ఒక పదార్థమా, లేక అక్కడ గోడ లేదనడానికి పెట్టుకున్న పేరు మాత్రమేనా? అభావం, అంటే లేకపోవడం గురించి భారతీయ తర్కశాస్త్రం శతాబ్దాల పాటు సాగించిన చర్చకు ఇది ఒక రూపం. భవనాల నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. ఉన్నదాన్ని చెప్పినట్టే లేనిదాన్ని కూడా కంప్యూటరుకు కొలతలతో చెప్పాలి.

భవన సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి చేరవేసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌సీ. అందులో గోడ, ఖాళీ, కిటికీ మూడూ వేర్వేరు అంశాలు. గోడ నిండుగానే నమోదవుతుంది. ఖాళీకి సొంత ఆకారం, సొంత గుర్తింపు ఉంటాయి. ఖాళీ గోడను తొలుస్తుందని ఒక సంబంధం, కిటికీ ఆ ఖాళీని నింపుతుందని మరో సంబంధం చెబుతాయి. భవన నమూనాలు చేసే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలు కిటికీకి గోడే ఆధారం; గోడను తొలగిస్తే కిటికీ కూడా పోతుంది.

నిటారైన చదును గోడలో ఈ మూడింటి భేదం కంటికి ఆనదు. గోడ ముఖం, ఖాళీ అంచు, కిటికీ చట్రం ఒకే తలంలో ఒదిగిపోతాయి. వంపు గోడలో అవి విడిపోతాయి. బయటి ముఖం 3 మీటర్ల వ్యాసార్ధంతో వంగిన గోడలో 1.2 మీటర్ల వెడల్పున్న చదును చట్రం పెట్టి, రెండు పక్కలా ఆ ముఖానికి ఆనిస్తే, మధ్యలో గోడ వంపు చట్రం కన్నా 6 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. చట్రాన్నే వంచాలా? ఖాళీ పక్క అంచులు సమాంతరంగా సాగాలా, వంపు కేంద్రం వైపు తిరగాలా?

వాలు గోడదీ ఇదే చిక్కు. నిలువు నుంచి 15 డిగ్రీలు వాలిన గోడలో 1.2 మీటర్ల ఎత్తు కిటికీని నిటారుగా నిలిపితే, కింది అంచు గోడ ముఖాన్ని తాకినా పై అంచు దానికి అడ్డంగా దాదాపు 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. రెవిట్ 2021లో వాలు గోడలు వచ్చినప్పుడు, కిటికీ నిలువుగా ఉండాలా గోడతో పాటు వాలాలా అన్న ఎంపిక కూడా వచ్చింది. నిండు గోడను ఎంత పరిశీలించినా ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. ఖాళీ ఆకారాన్నీ దిశనూ విడిగా నిర్ణయించాలి.

ఇక తర్కశాస్త్రానికి వస్తే, వైశేషిక దర్శనం మొదట ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని ఆరు పదార్థాలను లెక్కించింది. తరువాతి ఆచార్యులు అభావాన్ని ఏడోదిగా చేర్చారు. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈ ఏడింటినీ బోధిస్తుంది. మీమాంస దర్శనంలోని ప్రాభాకర శాఖవారు అభావాన్ని ఒప్పుకోలేదు. నేల మీద కుండ లేదంటే అక్కడ ఉన్నది ఉత్త నేలే, అభావమనే వేరే పదార్థం అక్కర లేదని వారి వాదం. ఆ లెక్కన కిటికీ ఉన్న గోడ అంటే ఆ ఆకారంలో ఉన్న గోడే. అలాగే నమూనా చేయవచ్చు, బొమ్మ సరిగానే కనిపిస్తుంది. కానీ కిటికీని పక్కకు జరిపితే పాత చోటు ఎలా పూడాలో ఆ ఆకారం చెప్పదు.

అభావాన్ని ఒప్పుకునే నైయాయికుల, అంటే న్యాయ దర్శనంవారి, సమాధానం ఇక్కడే ఉంది. ప్రతి అభావానికీ ఒక ప్రతియోగి ఉంటుంది, అంటే ఏది లేదో అది. కుండ తెలియనివాడికి కుండ లేదని తెలియదు. కిటికీ ఖాళీకి ప్రతియోగి అక్కడ లేని గోడ భాగం. నమూనా గోడను నిండుగా గుర్తుంచుకుని ఖాళీని విడిగా తీసివేయడం ఈ నియమానికి సరిపోతుంది. వంపు గోడలో తీసివేయవలసిన భాగం కూడా వంపు తిరిగే ఉంటుంది. అది తెలిస్తేనే ఖాళీ తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో విడిగా నమోదైనంత మాత్రాన అభావం పదార్థమని రుజువు కాదు. ఆ విభజన మన జ్ఞానానికి సౌకర్యమే తప్ప వస్తువులో లేదని ప్రాభాకరులు ఇప్పటికీ అనవచ్చు. అయితే గోడ ఈ ఆకారంలోనే ఎందుకు ఉందో చెప్పబోతే, అందులో లేనిదాన్ని ప్రస్తావించక తప్పదు. గోడ లేకుండా ఖాళీ నిలవదు, ఖాళీని చెప్పకుండా ఆ గోడ పూర్తి కాదు. ఆధారపడి ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు.