పిలిచిన కాగితం

1966 సెప్టెంబర్ 16, 17 తేదీల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని అవలాన్ బాల్‌రూమ్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం కచేరీ జరిగింది. దాని పోస్టర్ మీద గులాబీల కిరీటం పెట్టుకున్న అస్థిపంజరం ఉంటుంది. పాత రాక్ పోస్టర్లు సేకరించేవాళ్లలో ఆ బొమ్మను ఎరగనివారు లేరు. ఆ పోస్టర్ ప్రతులు రెండు బల్ల మీద పక్కపక్కన పెడితే మామూలు కంటికి తేడా కనపడదు. సేకరించే మనిషి మాత్రం అంగుళంలో పదహారో వంతు దాకా కొలుస్తాడు. వేలికొసలతో కాగితం మందం చూస్తాడు. దీపాలార్పి అతినీల కాంతి వేస్తాడు. తెలుపు కోసం రసాయనం కలిపిన కాగితమైతే నీలంగా మెరుస్తుంది. చివరికి భూతద్దం తీస్తాడు. అసలుదాంట్లో రంగు నిండుగా పరుచుకుని ఉన్నచోట, దాన్ని ఫొటో తీసి అచ్చేసిన నకిలీలో సన్నటి చుక్కలు బయటపడతాయి. ఇంత పరీక్షా అయ్యాక ఒక ప్రతి వేల డాలర్లు పలుకుతుంది. రెండోదానికి ఫ్రేము ఖర్చు కూడా రాదు.

నకిలీల సంగతి సరే, మోసం కాబట్టి తీసేయవచ్చు. అసలు చిక్కు నిజమైన పునర్ముద్రణలతో వస్తుంది. అదే నిర్వాహకులు, అదే బొమ్మను, కచేరీ అయిపోయాక మళ్లీ అచ్చు వేయించి అమ్మారు. అందులో మోసం లేదు. అయినా కచేరీకి ముందు అచ్చయిన ప్రతి ముందు అది నిలవదు. ఒకదానిలో ఉన్నదేమిటి, రెండోదానిలో లేనిదేమిటి? చాలా మతాలు ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న దగ్గర ఆగాయి.

కళాకారుడి చేతి స్పర్శ అని మొదట తోస్తుంది. కానీ ఇవి ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చయిన కాగితాలు. గీసినవాళ్లు స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ. వాళ్ల చేయి మొదటి ప్రతికి ఎంత దూరమో పదివేలో ప్రతికీ అంతే దూరం. పైగా ఆ అస్థిపంజరం వాళ్ల సొంత ఊహ కూడా కాదు. ఉమర్ ఖయ్యాం రుబాయీలకు ఎడ్మండ్ సల్లివాన్ నలుపు సిరాతో వేసిన బొమ్మల్లో అదొకటి. ఆ పుస్తకం 1913లో వచ్చింది. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా మన చేతికిచ్చిన ఖయ్యామే అక్కడ ఎముకల గూడై, రంగులు దిద్దుకుని, కచేరీ గోడెక్కాడు. అంటే ‘అసలు’ అని అపురూపంగా చూసుకునే ఆ కాగితమే ఒక అచ్చు పుస్తకపు బొమ్మకు ప్రతిరూపం.

అరుదు కాబట్టి విలువ అంటే ధరకు సమాధానం దొరుకుతుంది, మమకారానికి దొరకదు. అరవై ఏళ్ల కిందటి కిరాణా కొట్టు రసీదు ఇంకా అరుదు. దాన్ని ఎవరూ వెతకరు.

బౌద్ధం పూజనీయ వస్తువులను మూడు రకాలుగా చెప్పింది. బుద్ధుడి ధాతువులు శారీరికాలు. ఆయన వాడిన భిక్షాపాత్ర, కింద కూర్చున్న బోధివృక్షం పారిభోగికాలు. ఆయనను తలపించేలా తర్వాతివాళ్లు చేసుకున్న ప్రతిమలు ఉద్దేశికాలు. ఈ లెక్కన మొదటి ముద్రణ పారిభోగికం, పునర్ముద్రణ ఉద్దేశికం అనవచ్చు. ఒకటి ఆ రాత్రికి పనిచేసింది, మరొకటి ఆ రాత్రిని గుర్తుచేస్తుంది. ఈ వివరణ చాలా దూరం నడుస్తుంది. కానీ సేకరించేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోసేది ఒక్కసారి కూడా గోడకెక్కని ప్రతికి! మడత పడనిది, సూది మొన తగలనిది. పారిభోగికం కావాలంటారు గానీ పరిభోగం జరగకూడదంటారు.

ఆ పోస్టర్లు ఎలా బతికాయో చూస్తే ఈ వైరుధ్యం ఇంకా స్పష్టమవుతుంది. 1966 నుంచి ఫిల్మోర్ హాల్లో బిల్ గ్రాహం, అవలాన్‌లో ఫ్యామిలీ డాగ్ తరఫున చెట్ హెల్మ్స్ పోటాపోటీగా కచేరీలు పెట్టారు. వారం వారం కొత్త పోస్టరు. దుకాణాల అద్దాలకు, టెలిఫోన్ స్తంభాలకు కొట్టేవారు. కొట్టినవాళ్లు సందు మలుపు తిరిగేలోపు జనం ఊడదీసుకుని పోయేవారు. వాటిని గీసినవాళ్లలో వెస్ విల్సన్ అక్షరాలు మంటల్లా పైకి లేచి, సాగి, ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయేవి; ఆ మలుపుల వెనక వియన్నా చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ ఉన్నాడు. విక్టర్ మొస్కోసో యేల్‌లో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగుల శాస్త్రం చదివినవాడు. సమానమైన కాంతి గల ఎరుపు, నీలం పక్కపక్కన పెడితే వాటి సరిహద్దు కంటికి వణుకుతున్నట్టు ఉంటుందని అతనికి తెలుసు. పోస్టరు దూరం నుంచి క్షణంలో చదవగలిగేలా ఉండాలన్న సూత్రాన్ని అతను కావాలనే తిరగేశాడు. దారిన పోయేవాడు ఆగాలి, దగ్గరికి రావాలి, తేదీ ఎక్కడుందో వెతుక్కోవాలి.

మొదటి ముద్రణ మహిమంతా అక్కడే ఉంది. అది అచ్చయిన నాటికి ఆ కచేరీ ఇంకా లేదు. కుండ పుట్టక ముందు మట్టిలో ఉండే కుండ లేమిని మన నైయాయికులు ప్రాగభావం అన్నారు. పుట్టబోయేదాని లేమి అది, పుట్టగానే తీరిపోతుంది. మొదటి ముద్రణ ఆ ప్రాగభావంలో నిలబడి రమ్మని పిలిచిన కాగితం. పాట ఎలా ఉంటుందో, ఎవరొస్తారో దానికి తెలియదు. పునర్ముద్రణకు అన్నీ తెలుసు. రెండిటి మధ్య తేడా బొమ్మలో లేదు, సిరాలో లేదు, కాలంలో వాటి స్థానంలో ఉంది. అందుకే భూతద్దం కింద దొరికేది ఆ స్థానానికి సాక్ష్యమే తప్ప ఆ విలువ కాదు.

ఇది ఒప్పుకుంటే మూలల్లో గుండుసూది రంధ్రాలున్న ప్రతికి గౌరవం పెరగాలి. పిలవడం దాని పని; ఆ రంధ్రాలు ఆ పని జరిగిందనడానికి సాక్షి సంతకాలు. ధరల పట్టికలు మాత్రం రంధ్రానికి ఇంత అని కోత వేస్తాయి. ఈ విషయంలో పట్టికలదే తప్పు.

పిలుపు అనగానే ఆవాహన గుర్తుకు రాక తప్పదు. ఆ పోస్టర్లు కూడా భారతదేశం వైపు చూస్తూనే ఉన్నాయి. 1967 జనవరి 14న గోల్డెన్‌గేట్ పార్కులో జరిగిన హ్యూమన్ బీ-ఇన్ పోస్టర్లలో ఒకదాని మీద మూడో కన్ను తెరిచిన జటాధారి సాధువు ఉన్నాడు. అదే నెల 29న అవలాన్‌లో మంత్ర-రాక్ డాన్స్ జరిగింది. రెండున్నర డాలర్ల టిక్కెట్టు. వేదిక మీద ఎ.సి. భక్తివేదాంత స్వామి, కవి అలెన్ గిన్స్‌బర్గ్, తర్వాత గ్రేట్‌ఫుల్ డెడ్, జానిస్ జాప్లిన్ పాడే బృందం. ఆ పోస్టర్ మీద స్వామి ఫొటో ఉంది. గీసింది ఆయన శిష్యుడే, హార్వే కోహెన్.

ఈ ఒక్క కాగితం దగ్గర రెండు చూపులు ఎదురుపడతాయి. సేకరించేవాడికి అది 1967 జనవరి 29కి ముందు అచ్చయిందా లేదా అన్నదే ప్రాణం. భక్తుడికి ఆ పట్టింపు లేదు. పాత క్యాలెండర్‌లోంచి కత్తిరించి ఫ్రేము కట్టించిన వేంకటేశ్వరస్వామి పటానికి తెలుగింట్లో కుంకుమ పెట్టేటప్పుడు అది ఎన్నో ముద్రణ అని ఎవరూ అడగరు. అక్కడ సాన్నిధ్యం పిలిచినప్పుడల్లా వస్తుంది. కచేరీ మళ్లీ రాదు, కాబట్టే దాని తేదీకి అంత పట్టు. తిరిగి రానిదాన్ని ప్రేమించేవాడికి మొదటి ముద్రణ కావాలి. తిరిగి వస్తాడని నమ్మేవాడికి ఏ ప్రతి అయినా చాలు. సేకరించేవాడి తపనను విగ్రహారాధన అనేవాళ్లు ఈ తేడా గమనించడం లేదు. అది ఆరాధన కన్నా సంతాపానికి దగ్గర.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ రోజుల్లోనే, 1969లో, బర్కిలీ విద్యార్థుల ముందు మాట్లాడారు. గురువులనూ మత్తుమందులనూ ఒకే గాటన కట్టి కాదన్న మనిషి ఆయన. దేనికి అతుక్కుంటే మనిషి అదే అయిపోతాడని పదేపదే చెప్పేవారు. ఇవాళ కొందరు తమ పోస్టర్లకు శ్రేణి వేయించి, పారదర్శకమైన ప్లాస్టిక్ పలకల్లో సీలు చేయిస్తున్నారు. మళ్లీ గోడకెక్కే అవకాశం కూడా లేకుండా పోయిన ఆ కాగితాలను చూస్తే ఆయన మాట తీసిపారేయలేం.

అయినా ఆయన మాటతోనే ఈ లెక్క తేలదు. స్తంభం మీద నుంచి పోస్టరు ఊడదీసుకుని మంచం కింద దాచిన కుర్రాళ్లు దొంగలే. వాళ్లు తీయకపోతే అవి వానకు తడిసి, వచ్చే వారం పోస్టరు కింద పడి పోయేవి. పాల్ గ్రష్కిన్ 1987లో ‘ది ఆర్ట్ ఆఫ్ రాక్’ అనే పెద్ద పుస్తకం తెచ్చి ఆ బొమ్మలన్నీ ఒకచోట చూపించగలిగాడంటే, 2017లో, 1967 నాటి వేసవికి యాభై ఏళ్లు నిండినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం తన గోడలు వాటితో నింపగలిగిందంటే, ఎవరో వదులుకోలేక దాచుకున్నందువల్లే.