కారుమీది గీత

వివేకముగల గృహస్థుడు తన కారుమీద పడిన చిన్న గీతను చూచి చింతించుట తగునా? ప్రశ్న స్వల్పముగా గానవచ్చును. కాని మన పట్టణములలో ఈ గీత కారణముగా తండ్రి బిడ్డను కొట్టుటయు, యజమాని డ్రైవరు జీతములో కోత పెట్టుటయు, ఇరుగుపొరుగువారు ఏండ్లతరబడి మాటలాడుకొనకుండుటయు జరుగుచునే యున్నవి. కాబట్టి దీనిని విచారించుట వ్యర్థము గాదని తలంచుచున్నాను.

వేదాంతము వల్లించువారి సమాధానము సిద్ధముగా నుండును: కారు జడము, నశ్వరము, దానికై దుఃఖించుట మోహము. వినుటకు బాగుగనే యున్నది. కాని గుడివాకిట తమ చెప్పులు మాయమైనపుడు ఈ పెద్దల ముఖములను చూచితిమేని, వైరాగ్యము పరుల సొత్తునందే సులభమని తెలియగలదు. పైగా వస్తువును తృణీకరించుట వేరు, వస్తువునకు బద్ధుడు గాకుండుట వేరు. పనివారి శ్రమయు, గృహస్థుడు ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనమును చేరి యేర్పడిన దానిని పాడుపడనిచ్చుట ధర్మము గాజాలదు. కఠోపనిషత్తు శరీరమును రథముతో పోల్చెను. మనవారి చేతిలో ఆ పోలిక తలక్రిందులైనది. రథమునే శరీరముగా నెంచి, దానిపై గీత పడిన తమ చర్మము చీరుకొనినట్లు విలవిలలాడుదురు.

ఈ విలవిల యంతయు కారుపైని ప్రీతివలన గలిగినదేనా? దీనిని పరీక్షించుటకు ఒక మార్గము కలదు. అది కారు పూతలోనే యున్నది.

నేటి కారు రేకుపై పూత యొక్కటి గాదు. ఉక్కురేకు నంటి తుప్పును నివారించు పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికిని మీద అద్దమువలె పారదర్శకమైన మరియొక పూత. షెడ్డువారు దీనిని క్లియర్ కోటు అందురు. ఇవి యన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానుల మందము మాత్రముండును. అనగా మనము వ్రాసికొను తెల్లకాగితము ఒకటి, మహా అయిన ఒకటిన్నర. అందు పైపూత 40, 50 మైక్రానులు. గీత యెంత లోతో తెలిసికొనుటకు యంత్రమక్కరలేదు, గోరు చాలును. గీతకు అడ్డముగా గోటిని నడిపినపుడు తగులుకొననిచో అది పైపూతలోనిది. నీటితో తడిపినపుడు కానరాకపోయినను అట్లే. గోరు తగులుకొన్నచో లోతైనది. అడుగున లోహము కనబడినచో ఇక రక్షణ లేదన్నమాట.

ఇపుడు మన గృహస్థుని చూడుడు. బానెట్టుపై ఎండలో తళుక్కుమను వెండ్రుకవంటి గీత అతనికి నిద్ర పట్టనీయదు. దానివలన కారునకు హాని లేదనియే చెప్పవచ్చును. తలుపు క్రిందియంచున, చక్రము విసరిన రాయి తగిలి, ఆవగింజంత మేర రంగు లేచిపోయి రేకు బయటపడియుండును. దానిని అతడు చూచియుండడు. చూచినను, ‘అక్కడ ఎవరికి కనబడును?’ అనును. కారును తినునది ఈ ఆవగింజయే. తుప్పు తాను తినిన యినుముకంటె నెక్కువ చోటు ఆక్రమించును గనుక, చుట్టునున్న మంచి రంగును పైకి లేపి దాని క్రిందికి ప్రాకును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణమువంటి తీరములలో ఉప్పుగాలి దీనికింకను తోడుపడును. ఎవరికిని గానరాని గాయమును ముందుగా మాన్పువాడు కారును ప్రేమించినవాడు. కనబడు గీతకే వగచువాడు తన పరువును ప్రేమించుచున్నాడు. కారు దానికి పీఠము మాత్రమే.

ఆవగింజ గాయమునకు మందు కష్టమైనది గాదు. కారు రంగునకు ఒక సంకేతము కలదు. సాధారణముగా తలుపు సందుననో బానెట్టు క్రిందనో అతికించిన చీటిపై నుండును. దానికి సరిపడు చిన్న రంగుసీసాను తెచ్చుకొని, చోటు కడిగి యారబెట్టి, తుప్పున్నచో సన్నని గరుకు కాగితముతో తొలగించి, తుప్పు నాపు ప్రైమరు చుక్కగా పెట్టవలెను. అది యారిన పిదప రంగును సన్నని కుంచెతో పలుచగా, ఒక పూత యారిన తరువాత మరియొక పూతగా తాకించి, చివర పారదర్శకమైన పూత వేయవలెను. నీడలో, రేకు చల్లగా నున్నపుడే ఈ పని. ఒక్కసారిగా మందముగా పులిమినచో రంగు కారి గడ్డకట్టును. ఇంతకంటె విద్య దీనిలో లేదు; ఓపిక కావలెను.

వెండ్రుకగీత సంగతి వేరు. పాలిషు పెట్టిన గీత పూడునని మన యూహ. పాలిషు దేనిని పూడ్చదు. గీత చుట్టునున్న మంచిపూతను గీత యడుగువరకు అరగదీయును. అంతయు సమమగుటచే గీత కానరాదు. పండ్లు తోముకొను పేస్టుతో రుద్దుడని పొరుగువారు చెప్పు చిట్కాయు ఇదే పని చేయును, ఏలయన దానిలోను అరగదీయు పొడి కలదు. అరిగినది మరల పెరుగదు. ఒకటి రెండు మారులు చేసిన దోషము లేదు. ప్రతి పండుగకును మెరుగు పెట్టించువాడు మాత్రము, ఎండనుండి రంగును కాచు పూతను తన సొమ్ముతో తానే తీసివేయించుకొనుచున్నాడు. మచ్చను సహింపలేక మేలైనదానిని క్షయింపజేయుట ఇతర విషయములలోను చూచుచున్నాము గాని, అది వేరొక వ్యాసము.

అసలు ఈ వెండ్రుకగీతలు ఎక్కడివి? చాలభాగము ఉదయముననే పొడిగుడ్డతో దుమ్ము తుడుచుటవలన వచ్చినవి. దుమ్ములో ఇసుక యుండును. పొడిగుడ్డ దానిని రంగుపై ఈడ్చును. ముందు నీటితో కడిగి పిమ్మట మెత్తని తడిగుడ్డతో తుడిచిన ఈ బాధ చాలవరకు తప్పును. కాని ‘బాగుగా రుద్ది తుడువుము’ అని ఆజ్ఞాపించునది యజమాని. ఆ రుద్దుటవలన పడిన గీతలకు తిట్లు తినునది తుడిచిన బాలుడు. ఇది మన న్యాయము.

ఇంటివాడు తానే యీ మరమ్మతు చేసికొనవలెనా యని యడుగవచ్చును. చదువుకొన్నవాడు వీథిలో గొంతుకూర్చుండి రేకు రుద్దుట మర్యాదగాదని మనలో నొక భావము. చేతిపనిని కొన్ని కులములకు విడిచి, పుస్తకమును కొన్ని కులములకు ఉంచుకొన్న సంఘము మనది. ఆ భేదమును సభలలో ఖండించువారు సైతము తమ వ్రేళ్లకు రంగు అంటునేమో యని సందేహింతురు. డబ్బు మిగులునని నేను ఈ పనిని మెచ్చుకొనుట లేదు. తానే చేసినవానికి గీత యొక్క వెల తెలియును: ఒక చిన్న సీసా, ఒక ఆదివారము. చేయనివానికి షెడ్డువాడు చెప్పినదే వెల. కొత్తరంగు పాతరంగులో కలియుటకు తలుపు మొత్తము పూయవలెననును. ఆ మాటలో అసత్యము లేకపోవచ్చును. ఆ మొత్తమే యజమాని నోట డ్రైవరు చేసిన నష్టమై కూర్చుండును.

సందులలో, సంతలలో, పెండ్లియిండ్ల ముంగిట నడుచు బండికి గీతలు పడుట వాడుకలోని యరుగుదల. కావలెనని చేసిన హాని వేరు. అరుగుదలకు ధర బండి వలన సుఖపడువాడు భరింపవలెను గాని, దానిని నడిపి పొట్టపోసికొనువాడు గాదు. భయమున్నగాని జాగ్రత్త యుండదని కొందరందురు. నేను బడిపంతులను, భయమువలన పిల్లలకు వచ్చు జాగ్రత్త నెరుగుదును. పగిలిన కిటికీ అద్దము ముందు బల్ల జరిపి నిలిపెదరు. జీతము పోవునని భయపడు డ్రైవరును అంతే చేయును. తలుపు క్రింది గాయమును చెప్పడు. దానిపై కాస్త గ్రీజు పులిమి ఊరకుండును. వానకాలము గడచిన పిదప అంచు పొక్కి, రంగు పెచ్చుగా రాలినపుడు యజమానికి తెలియును. తగిలిన సాయంకాలమే వచ్చి చెప్పగలిగియున్నచో, ఇద్దరును కూర్చుండి చుక్క రంగుతో మాన్పియుందురు.