రాత కాదు, కారణం



మన ఎడ్లపాడులో సముద్రం లేదు. అయినా సముద్రం అడుగున జరిగే ఒక సంగతి మనకు పనికొస్తుంది. బాధపడేవాళ్లంతా తాము చేసుకున్నదే అనుభవిస్తున్నారా అనే పాత ప్రశ్నకు అందులో జవాబు ఉంది.

పగడాలు రాళ్లు కావు, ప్రాణులు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. అది ఎండ వెలుగుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. వేసవిలో ఉండే గరిష్ఠ వేడి కంటే సముద్రపు నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై, కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. వేడి తొందరగా తగ్గితే కోలుకోవచ్చు. తగ్గకపోతే ఆకలితో చస్తుంది. సాధారణంగా కొమ్మల్లా పెరిగేవి ముందు పోతాయి, బండల్లాంటివి కొంత తట్టుకుంటాయి. పగడాల సందుల్లో బతికే చేపలు కూడా తగ్గిపోతాయి.

ఈ ప్రమాదాన్ని ముందే చెప్పొచ్చు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన వేడిని బట్టి అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ పగడాలకు హెచ్చరికలు ఇస్తోంది. జ్యోతిష్కుడు "నీ రాత ఇంతే" అంటాడు. శాస్త్రవేత్త "వేడి ఇన్ని వారాలు ఇలాగే ఉంటే ఈ నష్టం జరగొచ్చు" అంటాడు. ఆ "ఉంటే" అన్న మాట గమనించండి. కారణం ఉంటేనే ఫలితం ఉంటుందని, కారణాన్ని తీసేస్తే ఫలితం నిలవదని బుద్ధుడు చెప్పిన ప్రతీత్య సముత్పాదం అదే.

లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో పాలిపోయాయి. అవి ఏ జన్మలో ఏ పాపం చేశాయి? బొగ్గు, పెట్రోలు కాల్చింది మనుషులు. అందులోనూ ఎక్కువ కాల్చింది ధనిక దేశాలు. చేసింది ఒకరు, అనుభవించేది ఇంకొకరు.

మన తాతముత్తాతలకు మాత్రం "నీ పూర్వజన్మ పాపం" అని చెప్పారు. 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ ఈ గతజన్మ కర్మ సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. మిర్చి కల్లంలో కూలికెళ్లిన చెల్లెలికి వడదెబ్బ తగిలితే "ఆమె ఖర్మ" అనకండి. అక్కడ నీడ ఉందా, నీళ్లు ఉన్నాయా, మిట్టమధ్యాహ్నం పని ఆపారా అని అడగండి. వాటిని మార్చడం మన చేతుల్లో ఉంది.

"హెచ్చరికతో సముద్రం చల్లబడుతుందా?" అని మీరు అడగొచ్చు. చల్లబడదు. కానీ వలల తాకిడి, మురుగు తగ్గిస్తే మిగిలిన పగడాలకు కోలుకునే వీలు పెరుగుతుంది. తెలిసి కూడా ఊరుకుంటే, ఆ ఊరుకోవడం కూడా మన కమ్మమే.

ముందే తెలుసుకోవడం ప్రజ్ఞ. తెలిసినదానికి తగ్గట్టు నడవడం శీలం. తమ తప్పు లేకుండా మాడిపోయేవాళ్ల పక్కన నిలబడటం కరుణ.

నమో బుద్ధాయ!