తినే పక్షి చేతిలో కెమెరా

శామీర్‌పేట చెరువు కట్ట, మేడ్చల్ స్టేషన్‌లో ఆగే రైలు, జాతీయ రహదారి పక్కన టీ కొట్టు. నా ఫోన్‌లో దాచుకున్న సినిమా డైరీ అంతా ఇలాంటిదే. కథ లేదు, నటులు లేరు. వేదాంతం చదువుకున్న మా మామయ్య అది చూసి, “నువ్వు సాక్షివి బిడ్డా” అని మెచ్చుకున్నాడు. నాకు పేచీ ఆ మెప్పుతోనే.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, ఇంకొకటి తినకుండా చూస్తుంది. ఆ చూసేదే మామయ్య చెప్పే సాక్షి. కెమెరా పట్టినవాళ్లందరికీ తామే ఆ రెండో పక్షి అన్న భ్రమ ఉంటుంది. నేను కట్ట మీద మొక్కజొన్న కంకులు కాల్చే ఆమెను తీస్తాను, పక్కనున్న ప్లాస్టిక్ కవర్ల కుప్పను వదిలేస్తాను. నచ్చింది ఉంచి, నచ్చనిది కోసేస్తాను. ఇది రాగద్వేషం కాక మరేమిటి?

ఈ సినిమా డైరీల దారికి పెద్ద దిక్కు జోనస్ మేకస్. 1922లో లిథువేనియాలో పుట్టి, యుద్ధం తర్వాత 1949లో న్యూయార్క్ చేరాడు. బోలెక్స్ కెమెరాతో స్నేహితులనీ, మంచునీ, పెళ్లిళ్లనీ తీసుకుంటూ పోయాడు. 1969 నాటి ‘వాల్డెన్’ మూడు గంటలుంటుంది. బొమ్మ అదురుతుంది, పరుగెడుతుంది, ఉన్నట్టుండి తెగుతుంది. తీసేవాడి ఆత్రం అందులో దాగదు. తాను తినే పక్షినేనని ఒప్పుకున్న సినిమా అది. నాకందుకే ఇష్టం.

బౌద్ధులైతే అసలు ఆ పక్షే ప్రతి క్షణం మారిపోతుందంటారు. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల సినిమాకి ఈ వాదం భలే కుదురుతుంది. మరి తీసినది నిన్నటి నేనైతే, దానికి ఈ రోజు నన్ను జవాబు అడగడమెందుకు? బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’లో భిక్షువు నాగసేనుడు చెప్పిన మామిడిపండ్ల దొంగ ఇలాగే తప్పించుకోబోతాడు: యజమాని నాటిన మామిడి వేరు, నేను కోసిన పండు వేరు అని. వింటున్న మిలింద రాజు ఒప్పుకోడు. పండు ఆ విత్తు నుంచే వచ్చింది కాబట్టి దొంగ దొంగే.

కంకులామె కూడా నన్ను అడిగింది: “ఇది ఎవలకు చూపిస్తవ్ బిడ్డా?”

మామయ్య దగ్గర దీనికి జవాబు లేదు. సాక్షి ఎవరికీ చూపించదు, చూసి ఊరుకుంటుంది. చూపించేవాళ్లం మనం. రోజువారీ బతుకును ఫోన్‌లో పట్టేవాళ్లకు నా విన్నపం ఒకటే: తీసింది ముందు తీయబడ్డవాళ్లకు చూపించండి, వాళ్లు వద్దంటే తీసేయండి.