ఇంటిపని ఎవరిది?



గత మిరపకోతల కాలమందు ఒక సాయంకాలము ప్రార్థనకూటము ముగిసి అందరును వెళ్లిపోయిన తరువాత, మన సంఘములోని ఒక సహోదరి మందిరపు మెట్లయొద్ద నిలిచి, "అయ్యగారూ, ఒక మాట అడగాల. మీరు కోప్పడకూడదు" అనెను. ఆమె కుమారుడు మూడవ తరగతి చదువుచున్నాడు. పంతులమ్మగారు ప్రతి సాయంత్రము ఇంటిపనిని వాట్సాప్ గ్రూపులో పంపుదురు. పిల్లలు వ్రాసిన పుటను ఫోటో తీసి తిరిగి పంపవలెను. ఆ యింట ఫోను ఒక్కటే. అది తండ్రి జేబులో పొలమునకు పోయి రాత్రి తొమ్మిది గంటలకు గాని తిరిగి రాదు. అప్పటికి పిల్లవాడు నిద్రపోయి యుండును. అందుచేత ఎనిమిదవ తరగతి చదువుచున్న అక్క, తమ్ముని వ్రాతను పోలునట్లు వంకర అక్షరములతో పుట నింపి ఫోటో పంపుచున్నది. వెంటనే చప్పట్లు కొట్టు చేతుల బొమ్మ ఒకటి వచ్చును.

"నాకు చదువు రాదు గదా అయ్యగారూ. ఆ చేతుల బొమ్మ చూసి మొదట్లో సంబరపడ్డాను. ఇప్పుడు భయమేస్తంది. ఇది అబద్ధమేనా? అబద్ధమైతే ఎవరిది?" అని ఆమె అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. దాని కారణమును కూడ దాచక వ్రాసెదను. అదే వారమున రెండవ తరగతి చదువుచున్న నా కుమార్తెకు ఒక ఇంటిపని వచ్చినది. మీ యింటి పెద్దలు చిన్ననాట ఏ ఆటలు ఆడిరో అడిగి తెలిసికొని ఐదు వాక్యములు వ్రాయుడని దాని సారాంశము. నేను పొరుగూరిలో ఒక భూస్థాపన ఆరాధనకు బయలుదేరవలసి యుండెను. చెప్పులు తొడుగుకొనుచు ఐదు వాక్యములు చెప్పితిని, ఆ బిడ్డ వ్రాసినది, నేను ఫోటో పంపితిని. పది నిమిషములలో పని ముగిసెను. మెప్పు కూడ వచ్చెను. ఆ రాత్రి నేను తిరిగి వచ్చునప్పటికి ఆమె మేలుకొనియే యుండి, "నాన్నా, నువ్వు నిజంగా గోలీలాట ఆడేవాడివా?" అని అడిగెను. నేను అలసియుండి, "పడుకో అమ్మా" అంటిని. ఆ పంతులుగారు ఇంటికి పంపిన పని యావత్తును ఆ ఒక్క ప్రశ్నలోనే యున్నదని, మందిరపు మెట్లయొద్ద ఆ తల్లి యెదుట నిలిచినప్పుడు గాని నాకు తోచలేదు.

ఈ ఫోను బడి మన యిండ్లలోనికి ఎట్లు వచ్చెనో మీకు జ్ఞాపకమే. 2020 మార్చి నెలలో వ్యాధి భయముచేత బడులు మూతపడెను. ఆ సంవత్సరమే సప్తగిరి, యాదగిరి దూరదర్శన్ ప్రసారములలో పాఠములు చెప్పిరి. పల్లెబడులనుగూర్చి ప్రథమ్ సంస్థవారు జరుపు అసర్ సర్వే ప్రకారము, బడిలో పేరున్న గ్రామీణ బాలబాలికలలో స్మార్ట్‌ఫోను గల యిండ్లవారు 2018లో నూటికి 36.5 మంది కాగా, 2020 సెప్టెంబరు నాటికి 61.8 మంది అయిరి. ఎందరు అప్పు చేసి కొనిరో మనకు తెలియనిది కాదు. ఆ సర్వేలోనే మరియొక సంగతి యున్నది. నలుగురు పిల్లలలో ఇంచుమించు ముగ్గురికి ఇంటివారు ఎవరో ఒకరు చదువులో తోడ్పడిరట. తల్లిదండ్రులకు చదువు తక్కువైన యిండ్లలో ఆ భారము ఎక్కువగా అన్నల మీదను అక్కల మీదను పడినది. మన సహోదరి కుమార్తె ఒంటరిది కాదన్నమాట. తరువాత బడులు తెరచిరి గాని గ్రూపులు మూతపడలేదు.

అబద్ధము ఎవరిది? ఆ బాలికదే అనుట సులభము. కాని ఆమె తన పాఠములు ప్రక్కన పెట్టి, తమ్ముడు తిట్లు తినకూడదని ఆ పని చేసినది. ప్రేమచేత చేసిన దానిని దొంగతనము వలె దండించుటకు నాకు మనసొప్పలేదు. అట్లని అది సత్యమైపోదు. తండ్రిని అందుమా? ఆ ఫోను లేనిదే అతనికి మరునాటి కూలిపని కబురు అందదు. పంతులమ్మగారిని అందుమా? ముప్పది పుటలను రాత్రిపూట ఫోనులో చూచుట ఎంత కష్టమో ఆమెనే అడుగవలెను. నాకు తోచినదేమనగా, ఈ అబద్ధమునకు మొదలు ఆ వంకర అక్షరములు కావు. ఫోటోయే ఇంటిపని అని ఇంటివారును బడివారును ఒప్పుకొన్ననాడే అది మొదలైనది. ఆ తప్పులో నాకును పాలు కలదు. నా కుమార్తె పుటలో అక్షరములు ఆమెవే గాని పని ఆమెది కాదు.

అయితే చదువురాని తల్లి ఏమి చేయగలదు? ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయమును ఈ ప్రశ్నతో మరల చదివితిని. ఇంటి పంచలోను, బాటలోను, రాత్రి చాప పరచుకొను వేళను, తెల్లవారి లేచిన వేళను పిల్లలతో ఆజ్ఞలనుగూర్చి మాట్లాడవలెనని మోషే చెప్పుచున్నాడు. ద్వారబంధములమీద వ్రాయుమనియు చెప్పెను గాని, మాటలాడుమనుట ముందు వచ్చినది. నిర్గమకాండము 12వ అధ్యాయములో పస్కానాడు పిల్లలు దీని అర్థమేమని అడుగుదురనియు, పెద్దలు జరిగినది చెప్పవలెననియు ఉన్నది. ప్రశ్న బిడ్డది, జ్ఞాపకము తండ్రిది. ఇందుకు పలకయు బలపమును అక్కరలేదు. మన తాతముత్తాతలలో అక్షరము రానివారెందరో చెవితో విని వాక్యము నేర్చుకొని, దానిని ఇంట చెప్పుకొనిరి గదా.

ఇది పాదిరి మాట మాత్రమే అనుకొనకుడి. ఆఫ్రికా ఖండములోని బొత్స్వానా దేశమందు 2020లో బడులు మూసియున్నప్పుడు, మూడు మొదలు ఐదు తరగతుల పిల్లలుగల సుమారు 4,500 కుటుంబములతో ఒక పరీక్ష జరిపిరి. కొందరికి వారమువారము లెక్కలను ఫోనులో సందేశముగా మాత్రము పంపిరి. కొందరికి సందేశముతో పాటు, ఉపాధ్యాయుడు ఫోను చేసి తల్లిని బిడ్డను దగ్గర కూర్చుండబెట్టి పదిహేను ఇరువది నిమిషములు ఆ లెక్కను మాటలతో చేయించెను. దీనికి స్మార్ట్‌ఫోను అక్కరలేదు, మామూలు ఫోను చాలును. ఉత్త సందేశములవలన చెప్పుకోదగిన ఫలము కలుగలేదు. మాట కలిసిన చోట పిల్లలు లెక్కలలో ముందుకు వచ్చిరి. ఫోను అదే, లెక్కయు అదే. ఒక యింట పెద్దలు బిడ్డ ప్రక్కన కూర్చుండిరి, అంతే భేదము.

ఆ సహోదరితో కలిసి నేను పంతులమ్మగారియొద్దకు వెళ్లితిని. తగవులాడుటకు వచ్చితిమేమో అని ఆమె మొదట జంకెను. సంగతి విని చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఫోటోలు ఎన్ని వచ్చాయని నన్నూ లెక్క అడుగుతారండీ" అనెను. అదియు నిజమే. అయినను ఆమె రెండు సంగతులకు ఒప్పుకొనెను. పుట ఖాళీగా ఉన్నను దానిని ఉన్నది ఉన్నట్టు పంపవచ్చును, లేక ఉదయమున బడికి తీసికొనిరావచ్చును. వారమునకు ఒకసారి వ్రాతపని బదులు, తల్లి గాని అవ్వ గాని బిడ్డతో కలిసి చేసి గొంతుతో చెప్పి పంపగల పని ఇచ్చెదననెను. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మొదలు చిన్న తరగతుల పుస్తకములలో ఆంగ్లమునకు ఎదుటి పుటలో తెలుగు అచ్చువేయుచున్నారు గనుక, అక్క చదివి వినిపించినయెడల తల్లికి పాఠము అర్థమగునని కూడ ఆమెయే చెప్పెను. ఈ సంగతి నాకు తెలిసియు ఏనాడును ఉపయోగించలేదు.

మొదటి వారము సులభముగా జరుగలేదు. అక్క వ్రాయుట మానెను, పుట ఖాళీగా పోయెను, చేతుల బొమ్మ రాలేదు. గ్రూపులో మిగిలిన పిల్లలకు వచ్చినది. ఆ రాత్రి ఆ తల్లి నాకు ఫోను చేసి, "మా వాడొక్కడే మొద్దనుకుంటారేమో అయ్యగారూ" అని కన్నీరు పెట్టుకొనెను. సత్యమునకు మొదటి వెల ఆ యిల్లే చెల్లించవలసి వచ్చినది. నావంటివారు మెట్లమీద నిలిచి సలహా చెప్పుట తేలిక.

మరుసటి వారపు పని, ఇంటిలోని వస్తువులను పదులుగా లెక్కపెట్టుట. కళ్లములో ఎండిన మిరపకాయల బస్తాలను తల్లియు కుమారుడును లెక్కించిరి. పది బస్తాలు రెండు వరుసలు, పైన నాలుగు. ఆ గొంతు సందేశమును ఆమె నాకు వినిపించినది. అందులో పిల్లవాడు ఇరువది అయిదు అనుచున్నాడు, తల్లి "మళ్లీ చూడరా, తొందరపడమాక" అనుచున్నది, వెనుక ఎవరో నవ్వుచున్నారు. తండ్రియట. ఆ దినమున ఆయన పెందలకడ ఇంటికి వచ్చి ఫోనును తానే పట్టుకొనెనట.

ఇక నా సంగతి. నేను నా కుమార్తెకు గోలీలాట నేర్పుట మొదలుపెట్టితిని. ఆనాడు చెప్పులు తొడుగుకొనుచు చెప్పిన ఐదు వాక్యములలో రెండు తప్పని ఆమె ఇప్పటికే కనిపెట్టినది.