టికెట్టు లేని గానసభ



2025 ఫిబ్రవరి 15వ తేదీ సాయంకాలమున విజయవాడ ఇందిరాగాంధీ మైదానమందు తలసీమియా రోగులకై సంగీతదర్శకుడు తమన్ గావించిన గానసభ మనలో పెక్కుమందికి తెలిసినదే. అది టికెట్టు కొని వినవలసిన సభ. అట్టిదే యొకటి ఉచితముగా, మన బాన్సువాడలో, మంజీరా గాలి సోకెడి బయలునందు, మల్టిపుల్ స్క్లెరోసిస్ పీడితులకై జరుగవలెనని నా కోరిక.

మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువులను కప్పియుండెడి మైలిన్ పొరను, దేహరక్షణకై పుట్టిన శక్తియే శత్రువని భ్రమించి పాడుచేయుటచే, తరచుగా ఇరువది నలువది ఏండ్ల నడిమి ప్రాయమందు, పురుషులకంటె స్త్రీలకే అధికముగ ప్రాప్తించు ఈ వ్యాధి, ఒకనాడు చూపును మసకబార్చును, వేరొకనాడు చేతిలోని చెంబును జారవిడిపించును. పైకేమియు కానరాదు గనుక ఇంటివారే సోమరితనమందురు. ఆ మాట రోగముకంటె క్రూరము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము దీనిని వైకల్యముగ గుర్తించినను, ఆ సంగతి ఎరిగినవారు అరుదు.

చిందు యక్షగాన కళాకారిణి చిందుల ఎల్లమ్మ ఆడిపాడిన ఈ నిజామాబాద్ సీమలో ఆరుబయట యక్షగానము చూచుట ఊరందరికిని అలవాటే. అట్లే అందరును విని, మనసొప్పి యిచ్చిన సొమ్ము రోగుల మందులకు, ఫిజియోథెరపీకి చేరవలెను. సభ మాత్రము పొద్దు గ్రుంకిన పిమ్మటనే మొదలుకావలెను. వేడిమి ఈ రోగుల బాధను హెచ్చించును. ముందువరుసలో చక్రాల కుర్చీలకు చోటు, చెంత చల్లని మంచినీరు, మరుగుదొడ్డికి మెట్లులేని దారి ఏర్పరచిన పిదపనే పాటగాండ్రను పిలువవలెను.